అవతలి పార్టీ వాళ్ళ గడప తొక్కాలా? తొక్కితే ఏం మాట్లాడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 34, ముషీరాబాద్ వైపు బస్తీలో పుట్టి పెరిగారు, 2028 అసెంబ్లీ ఎన్నికల్లో స్వతంత్రంగానైనా నిలబడాలని ఉంది. మీ గల్లీలో ప్రతి ఇంటికీ ఒక గుర్తు అంటుకుని ఉంది. ఇది కారు (బీఆర్ఎస్) ఇల్లు, అది చెయ్యి (కాంగ్రెస్) ఇల్లు, పక్కది పువ్వు (బీజేపీ) ఇల్లు, వెనక సందంతా పతంగి (మజ్లిస్). వాళ్ళ దగ్గరికి వెళ్తే ఉపయోగం ఉంటుందా, వెళ్తే ఏం మాట్లాడాలి? ముప్పై ఏళ్ళుగా ఒకే పార్టీలో ఉన్న మీ నాన్నగారికి ఏం చెప్పాలి?

ఉపయోగం ఉంటుంది. అయితే మొదటిసారి వెళ్ళినప్పుడు ఓటు అడక్కండి. నేను చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మొదటిసారి వెళ్ళి వినండి, రాసుకోండి. రెండోసారి వెళ్ళి, రాసుకున్నదాని సంగతి ఏమైందో చెప్పండి. ఓటు మాట మూడోసారికి.

నా సంగతి రెండు ముక్కల్లో. 2009లో కూకట్‌పల్లిలో వాలంటీర్‌గా ఇళ్ళు తిరగడంతో ఈ పనిలోకి వచ్చాను. ఆ ఏడాది అక్కడ లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ్ గెలిచారు, ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో వాళ్ళకు దక్కిన సీటు అదొక్కటే. 2014లో నగరం మధ్యలోని ఒక నియోజకవర్గంలో నేనే ఇండిపెండెంట్‌గా నిలబడ్డాను, డిపాజిట్ దక్కలేదు. ఆ తర్వాత రెండు వేర్వేరు పార్టీల అభ్యర్థులకూ కొందరు ఇండిపెండెంట్లకూ గడప గడప ప్రచారం నడిపాను.

ముందు ఈ 'పార్టీ ఇల్లు' అనే మాట సంగతి చూద్దాం. 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. మల్కాజిగిరి లోక్‌సభ స్థానం కిందికి వచ్చే ఏడు సీట్లూ, అంటే మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్, అన్నీ బీఆర్ఎస్ గెలిచింది. ఆరు నెలలు తిరక్కుండా 2024 మే 13న అదే ఓటర్లు బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్‌ను మూడు లక్షలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు పంపారు. అదే రోజు జరిగిన కంటోన్మెంట్ అసెంబ్లీ ఉపఎన్నికలో కాంగ్రెస్ గెలిచింది. ఇది కారు ఇల్లు, అది పువ్వు ఇల్లు అని మనం గోడ మీద గీసుకున్న గీతలు ఆ జనం లెక్కలో లేనే లేవు. ఇంటి మీద జెండా ఒకటే ఉంటుంది. లోపల నలుగురు ఉంటే నాలుగు మనసులుంటాయి, ఆ మనసులు కూడా ఎన్నికకో తీరుగా ఉంటాయి.

ఇంకో లెక్క. 2023లో రాష్ట్రం మొత్తం మీద దాదాపు 71 శాతం ఓటేస్తే హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా రాలేదు. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉపఎన్నిక జరిగినప్పుడూ సగం దాటలేదు. అంటే మీ గల్లీలో అన్ని పార్టీల కన్నా పెద్ద గుంపు ఇంట్లో కూర్చునేవాళ్ళదే. వాళ్ళలో చాలామంది పేరుకు ఏదో ఒక పార్టీ మనుషులే, పోలింగ్ రోజు మాత్రం గడప దాటరు. 2023లో యాకుత్‌పురాలో గెలుపోటములకు తేడా 878 ఓట్లు. నాలుగు గల్లీల ఓట్లు అవి.

ఇంటింటి ప్రచారం మనసులు మారుస్తుందా అని అమెరికాలో పరిశోధకులు బాగా లోతుగా చూశారు. మనిషి స్వయంగా వచ్చి పిలిస్తే ఓటేయడానికి వచ్చేవాళ్ళు పెరుగుతారని 2000లో గెర్బర్, గ్రీన్ అనే ఇద్దరు ప్రచురించిన ప్రయోగంలో తేలింది. కానీ 2018లో కల్లా, బ్రూక్‌మన్ అనే మరో ఇద్దరు 49 ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే, సాధారణ ఎన్నికల్లో పార్టీ అభిమానిని మాటలతో ఇటు తిప్పడం దాదాపు జరగడం లేదని తేలింది. ఎన్నికలకు చాలా ముందు మాట్లాడితే కొంత కదలిక కనిపించినా పోలింగ్ నాటికి అది కరిగిపోయిందట. నేను ఇది చదివినప్పుడు నిరుత్సాహపడలేదు, నా బస్తీల్లో చూసిందే అనిపించింది. ఒకసారి వెళ్ళి చెప్పొచ్చిన మాట ఎవరికీ గుర్తుండదు. అందుకే మళ్ళీ వెళ్ళాలి, వెళ్ళడానికి ఒక కారణం చేతిలో ఉండాలి. ఆ కారణం వాళ్ళు మీకు చెప్పిన సమస్యే.

మీకున్న టైమ్ ఎంతో కూడా లెక్కేసుకోండి. 2023లో నామినేషన్ల ఉపసంహరణ గడువు నవంబరు 15. ఇండిపెండెంట్లకు గుర్తు ఖాయమయ్యేది ఆ తర్వాతే. ప్రచారం 28 సాయంత్రానికి ఆగిపోయింది. అంటే 'నా గుర్తు ఇది' అని చెప్పుకోవడానికి పదమూడు రోజులు. జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో 58 మంది పోటీ చేశారు, ఒక్కో బూత్‌లో నాలుగు బ్యాలెట్ యూనిట్లు పెట్టారు. మిషన్ మీద గుర్తింపు ఉన్న పార్టీల పేర్లు ముందు వస్తాయి, ఇండిపెండెంట్లవి చివర్లో. ఓటరు మీ పేరు వెతుక్కుంటూ అంత దూరం వెళ్ళాలంటే మీ ముఖం అప్పటికే తెలిసి ఉండాలి. మిషన్ మీద అభ్యర్థి ఫోటో ఉండడం మీకు మేలు, అయితే ఆ ఫోటోలోని మనిషి రెండుసార్లు వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉంటేనే.

ఒక ఇంట్లో పది నిమిషాలు కూర్చుంటే సాయంత్రం మూడు గంటల్లో పదిహేను ఇళ్ళు అవుతాయి. నెలకు ఇరవై రోజులు తిరిగితే 300. రెండేళ్ళకు 7,200. అవే ఇళ్ళకు రెండోసారి వెళ్ళాలంటే అందులో సగం, 3,600. నగరం మధ్యలోని నియోజకవర్గంలో ఓటర్లు రెండున్నర, మూడు లక్షలు ఉంటారు కాబట్టి ఒంటరిగా అయ్యే పని కాదు. మీతో కలిపి ఐదుగురు ఉంటే 18,000 ఇళ్ళు, అంటే 70,000 ఓట్ల దాకా చేరుకోవచ్చు. ఆ మిగతా నలుగురిని ఎంచుకోవడంలో తొందరపడకండి. బాగా మాట్లాడేవాళ్ళ కన్నా ఓపికగా వినేవాళ్ళు కావాలి. కనీసం ఒకరికి ఉర్దూ ధారాళంగా రావాలి, కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి.

మొదటి తలుపు తట్టడానికి నేను ఎప్పుడూ వాడేది ఓటర్ల జాబితా. ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో మీ పోలింగ్ స్టేషన్ జాబితా దొరుకుతుంది, ప్రింట్ తీసుకోండి. మన బస్తీల్లో ఆ జాబితా ఎంత తప్పులతడకగా ఉంటుందో మీరే చూస్తారు. చనిపోయినవాళ్ళ పేర్లు, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిన కిరాయిదార్లు, పెళ్ళై ఉప్పల్ వెళ్ళిపోయిన అమ్మాయి, పద్దెనిమిది నిండినా పేరెక్కని పిల్లవాడు. కొత్త పేరుకు ఫారం 6, ఇల్లు మారితే లేదా తప్పు దిద్దాలంటే ఫారం 8. తీసేయాలంటే ఫారం 7, దాన్ని మాత్రం మీరు ముట్టుకోకండి, అది ఆ ఇంటివాళ్ళూ బూత్ లెవెల్ ఆఫీసరూ చూసుకునే పని. మీరు ఒక్క పేరు తీయించారని పుకారు పుడితే ఆ గల్లీ మీకు మూసుకుపోయినట్టే. కొత్త పేర్లకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు అర్హత తేదీలు, కాబట్టి ఈ పని ఏడాది పొడుగునా ఉంటుంది. "మీ ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయా చూద్దాం" అంటే ఏ పార్టీ ఇంట్లోనూ కాదనరు. ఊళ్ళో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నవాళ్ళు తగులుతారు. రెండు చోట్ల ఉండకూడదు, అది నేరం. కసురుకోకుండా అర్థమయ్యేలా చెప్పండి, ఎక్కడ ఉంచుకోవాలో నిర్ణయం వాళ్ళదే.

ఎప్పుడు వెళ్ళాలో నాకు నేర్పింది భోలక్‌పూర్ దగ్గర ఒక పెద్దమ్మ. అప్పట్లో పొద్దున్నే వెళ్తే అందరూ ఇళ్ళలో ఉంటారని ఏడింటికే వెళ్ళాను. సరిగ్గా నీళ్ళొచ్చే టైమ్. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు, వచ్చినంతసేపే బిందెలూ డ్రమ్ములూ నింపుకోవాలి. ఆమె పైపు పట్టుకుని, నా వైపు చూడకుండానే, "నీళ్ళొస్తున్నయ్ బిడ్డా, ఇప్పుడు కాదు" అంది. సరేనని అరుగు మీద కూర్చున్నాను. ఆమె మొదటి రెండు బిందెలు నింపి మోరీలో పారబోసింది. మూడోది పట్టి, ఒక స్టీలు గ్లాసులో పోసి, వెలుతురుకు ఎత్తి చూసి, వాసన చూసి, అప్పుడు డ్రమ్ములో పోయడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగాను. "గా 2009ల సంగతి నీకు ఎరికలేదా?" అంది. ఆ ఏడాది మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నీళ్ళు తాగి మనుషులు చనిపోయారు. అన్నేళ్ళ తర్వాత కూడా ఆమె రోజూ ఆ గ్లాసు ఎత్తి చూస్తూనే ఉంది.

ఆ ఇంటి మీద ఏ జెండా ఉందో నాకు గుర్తులేదు. ఆ గ్లాసు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ రోజు నేను ఓటు గురించి మాట్లాడి ఉంటే ఆమె చెప్పేది కాదు, నాకు తెలిసేదీ కాదు. తర్వాత ఆ గల్లీలో ప్రతి ఇంట్లోనూ అడిగాను, మొదటి రెండు బిందెలూ అందరూ పారబోస్తున్నారు. నాలుగు పార్టీల ఇళ్ళున్న గల్లీకి కష్టం మాత్రం ఒకటే.

నీళ్ళ టైమ్ తప్పించండి. వంటపని తెమిలాక, పదకొండు నుంచి పన్నెండున్నర వరకు ఆడవాళ్ళతో మాట్లాడడానికి వీలుంటుంది. మగవాళ్ళు కావాలంటే సాయంత్రం ఏడు తర్వాత, లేదా ఆదివారం పొద్దున చాయ్ దుకాణం దగ్గర. తెలుగిళ్ళలో బతుకమ్మ, బోనాల రోజుల్లో, ముస్లింల ఇళ్ళకు రంజాన్‌లో ఇఫ్తార్ వేళ ప్రచారం పేరుతో వెళ్ళకండి. పండుగకు పిలిస్తే మామూలు మనిషిగా వెళ్ళండి, చేతిలో కాగితాలు లేకుండా.

ఏం మాట్లాడాలన్నారు. నేను మూడు ప్రశ్నలే అడుగుతాను. ఈ గల్లీలో ముందు ఏది బాగుపడాలి? దీని గురించి ఇదివరకు ఎవరికి చెప్పారు, ఏమైంది? మీ చేతిలో ఉంటే మీరేం చేస్తారు? రెండో ప్రశ్న దగ్గర మనిషి తెరుచుకుంటాడు. ఎవరెవరి చుట్టూ తిరిగాడో, ఏ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కాడో, తన సొంత పార్టీవాళ్ళే ఎట్లా మొహం చాటేశారో అతనే చెబుతాడు. అక్కడ మీకు నోరు దురద పెడుతుంది. 'చూశారా, మీ పార్టీ అంతే' అనాలనిపిస్తుంది. అనకండి. ఇంట్లో మనిషిని ఇంటివాళ్ళు తిట్టుకోవచ్చు, బయటివాళ్ళు తిడితే పడరు. మీరు ఆ ఒక్క మాట అన్న మరుక్షణం అతను తన పార్టీని వెనకేసుకొస్తాడు, అక్కడితో ఆ సంభాషణ అయిపోయింది.

మూడో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అదే ఇష్టం. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీ వైపు పారే నాలా పక్కన ఉండేవాళ్ళను అడిగి చూడండి. నీళ్ళు ఎక్కడ ఎదురు తంతాయో, ఏ మూల పూడిక పేరుకుంటుందో, ఏ గోడ ఎత్తు పెంచితే ఎవరి ఇంట్లోకి నీళ్ళు మళ్ళుతాయో వాళ్ళు చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు. 2020 అక్టోబరు వరదల్లో నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ మనుషులు వాళ్ళు. మీరు అసెంబ్లీకి వెళ్తే మాట్లాడాల్సింది అక్కడే దొరుకుతుంది.

చెప్పింది వాళ్ళ ముందే నోట్‌బుక్‌లో రాయండి, రాసింది చదివి వినిపించండి. "నువ్వు రాసింది తప్పు బిడ్డా, రెండేళ్ళు కాదు నాలుగేళ్ళాయె" అని దిద్దుతారు. అట్లా దిద్దారంటే మీ నోట్‌బుక్ వాళ్ళది కూడా అయిందన్నమాట. పేరు పక్కన పార్టీ పేరు రాయకండి. ప్రచారాలు నడిపేవాళ్ళు మనవాడు, పరాయివాడు, ఊగిసలాటవాడు అని గుర్తులు పెట్టిస్తారు, నేనూ పెట్టించాను. పరాయివాడని ఒకసారి గుర్తు పడితే ఆ ఇంటికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు. పైగా ఆ కాగితం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే ఆ ఇంటివాళ్ళ పరువు పోతుంది.

మనిషికి పార్టీ మీద ప్రేమ ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఓపికగా తెలుసుకోండి. రామ్‌నగర్‌లో ఒక ఇంట్లో గోడ మీద దేవుడి పటాల వరుసలోనే వైఎస్ రాజశేఖరరెడ్డి ఫోటో ఉంది, దానికి రోజూ పువ్వు పెడతారు. నేను వేరే పార్టీ అభ్యర్థి కోసం తిరుగుతున్నాను. ఆ ఇంటాయన నా చేతిలోని కరపత్రం చూసి, తీసుకోకుండా, లోపలికి పిలిచి తన కూతురిని చూపించాడు. చిన్నప్పుడు ఆ అమ్మాయికి గుండె ఆపరేషన్ అయింది, ఆరోగ్యశ్రీలో, రూపాయి కట్టకుండా. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. "గీ పిల్ల ఉన్నంతకాలం నా ఓటు గా చెయ్యికే అక్కా" అన్నాడు. దానికి నేనేం జవాబు చెప్పను? బాగుందన్నా, పిల్ల చల్లగా ఉండాలి అన్నాను. కరపత్రం సంచిలో పెట్టేసి, వీధి దీపాల సంగతి అడిగాను. అరగంట మాట్లాడాడు. బయటికొచ్చి ఏ స్తంభం ఎన్నాళ్ళ నుంచి వెలగడం లేదో చూపించాడు, పక్కింటివాళ్ళను పిలిచి నాతో మాట్లాడమన్నాడు. ఆయన ఓటు మాకు పడలేదనే అనుకుంటున్నాను. ఆ వరుసలో మిగతా ఇళ్ళ తలుపులు తీయించింది మాత్రం ఆయనే.

బస్తీల్లో పార్టీ అభిమానం చాలాసార్లు ఇట్లాంటి కృతజ్ఞతే. ఒకరికి రెండు రూపాయల బియ్యం, ఒకరికి కల్యాణలక్ష్మి, ఒకరికి పింఛను, ఈమధ్య కొందరికి ఫ్రీ బస్సు. దాన్ని వెటకారం చేసే అభ్యర్థిని జనం క్షమించరు, క్షమించకూడదు కూడా. వాళ్ళకు మేలు జరిగింది, ఆ మేలు చేసిన చేతిని గుర్తుపెట్టుకున్నారు. అందులో చిన్నచూపు చూడాల్సింది ఏముంది?

అవతలి పార్టీ కార్యకర్త గురించి. బస్తీలోకి అడుగుపెట్టే ముందు, అక్కడ బూత్ చూసుకునే మనిషి ఎవరో కనుక్కుని ఆయన్నే మొదట కలవండి. "అన్నా, రేపటి నుంచి మీ గల్లీలో తిరుగుతున్నాను, ముందు మీకు చెబుదామని వచ్చాను" అనండి. కొందరు ముఖం చిట్లిస్తారు, ఎక్కువమంది చాయ్ తాగమంటారు. చాటుగా వెళ్తేనే గొడవలవుతాయి. నిజానికి ఆ గల్లీ గురించి ఆయన కన్నా ఎక్కువ తెలిసినవాడు ఉండడు. పై నాయకులు మారుతుంటారు, ఆయన మాత్రం ఇరవై ఏళ్ళుగా అదే గల్లీలో స్లిప్పులు పంచుతున్నాడు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, మీకూ ఉండాలి.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక పెద్ద తప్పు చెప్పాలి. 2014లో మా వాలంటీర్ కుర్రాడొకడు, నేను ఒక ముసలావిడతో కూర్చుని మాట్లాడుతుండగా ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. 'ఫలానా బస్తీలో మాకు అపూర్వ ఆదరణ' అని రాశాడు. నేనే సరేనన్నాను. మర్నాడు ఆ గల్లీ నాయకుడొకడు ఆమె ఇంటికెళ్ళి, సర్కారిచ్చే ఇళ్ళ లిస్టులో పేరు ఉండాలా వద్దా అని అడిగాడట. ఆమె నా దగ్గరికి వచ్చి కోప్పడలేదు, "ఫోటో తీసెయ్యి బిడ్డా" అని మాత్రం అడిగింది. ఆ ఎన్నికంతా ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అప్పటి నుంచి ఇళ్ళలో ఫోన్ బయటికి తీయను, తీయనివ్వను. మీరు ఎన్ని ఇళ్ళు తిరిగారో లోకానికి తెలియకపోయినా పరవాలేదు. మీతో మాట్లాడినందుకు ఏ పేద ఇంటికీ టెన్షన్ రాకూడదు. జెండా, కండువా కూడా మొదటి రెండుసార్లూ వద్దు. కండువా చూస్తే మనుషులు మీతో కాకుండా కండువాతో మాట్లాడతారు.

డబ్బు మాట తప్పకుండా వస్తుంది. "ఎంతిస్తరు?" అని మొహం మీదే అడుగుతారు. నీతులు చెప్పకండి. రోజుకూలీకి వెళ్ళే మనిషి, ఐదేళ్ళకోసారి వచ్చేవాడి దగ్గర దొరికిందే లాభం అనుకోవడానికి కారణాలున్నాయి. నేను చెప్పేది ఇంతే: "అమ్మా, నేను ఇవ్వను. ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. అయినా నాకు నీ గల్లీ సంగతి కావాలి, చెప్తావా?" సగం మంది తలుపేసుకుంటారు. మిగతా సగం చెబుతారు. 'వాళ్ళ దగ్గర తీసుకోండి, ఓటు మాత్రం నాకేయండి' అనే మాట చాలామంది నాయకులు అంటుంటారు, దయచేసి మీరు అనకండి. 2017లో గోవా ప్రచారంలో ఇట్లాంటి మాట అన్నందుకే అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రిని ఎన్నికల సంఘం తప్పుబట్టింది. చట్టం సంగతి అటుంచినా, ఆ మాటతో మీరు ఓటరును అబద్ధమాడమని చెబుతున్నారు.

కులం, మతం, భాష పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. అభ్యర్థి కులమతాలే కాదు, ఓటరు కులమతాల పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. గెలిచిన ఎన్నిక రద్దయ్యే తప్పు అది. 'మనోళ్ళం' అని ఎవరైనా మీ భుజం మీద చెయ్యి వేసినా ఆ దారిలోకి వెళ్ళకండి. అయితే ఎవరి భాషలో వాళ్ళతో మాట్లాడడం వేరే విషయం. మీకు వచ్చిన హైదరాబాదీ ఉర్దూ చాలు, తడబడినా చాలు. పతంగి సందులో ఒక పెద్దాయన నా ఉర్దూ విని నవ్వి, "తెలుగులనే చెప్పు బేటీ, నేను ఈడనే పుట్టిన" అన్నారు. ఆయన తెలుగు నా తెలుగు కన్నా బాగుంది.

అపార్ట్‌మెంట్లలో గేటు దాటనివ్వరు. అసోసియేషన్ వాళ్ళకు చెప్పి ఆదివారం పొద్దున్నే ఒక గంట మీటింగ్ పెట్టుకోండి, అరుపులుంటాయి, ఓర్చుకోండి. గేటు దగ్గర వాచ్‌మన్‌తో కూడా మాట్లాడండి, ఆయన ఓటు చాలావరకు పాలమూరులోనో నల్లగొండలోనో ఉంటుంది, అయినా సరే.

ఇక రెండోసారి వెళ్ళడం. రాసుకున్నవన్నీ మీరు తీర్చలేరు, మీ చేతిలో పదవి లేదు. తీరుస్తానని మాట ఇవ్వకండి. ఫిర్యాదు నమోదు చేయించి ఆ నంబరు వాళ్ళ చేతిలో పెట్టండి. నీళ్ళు, డ్రైనేజీ అయితే జలమండలి 155313. పెద్ద సమస్యలకు సోమవారం ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. పనికి డబ్బు మంజూరైందా లేదా అని తెలియాలంటే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు కాపీ పట్టుకుని రెండోసారి వెళ్ళండి. 'పని కాలేదు, ఇదిగో వాళ్ళు ఇచ్చిన జవాబు' అని చూపించినా చాలు. నాకు గుర్తున్నంతలో, పని అయిన ఇళ్ళకన్నా పని కాకపోయినా కాగితం పట్టుకుని వెళ్ళి చెప్పిన ఇళ్ళలోనే ఎక్కువసేపు కూర్చోబెట్టారు. వచ్చి చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు కాబట్టి.

2014లో నేను చేయనిది ఇదే. మొదటి విడతలో దాదాపు రెండు వేల ఇళ్ళు తిరిగాను, నోట్‌బుక్‌లు నిండాయి. ఎన్నికలు దగ్గర పడ్డాయని కంగారులో రెండోసారి కొత్త గల్లీలకు వెళ్ళాను కానీ పాత ఇళ్ళకు వెళ్ళలేదు. ఓడాక ఆ నోట్‌బుక్‌లు తీసి చదువుకుంటే, 'వచ్చి చెప్తానన్నాను' అని నా చేతిరాతే పేజీ పేజీకీ ఉంది. అప్పుడు వెళ్ళాను, నెల రోజులు, ఒక్కో ఇంటికి. ఆ భోలక్‌పూర్ పెద్దమ్మ "ఎలచ్చన్లు అయిపాయె గదా" అంది. అవునమ్మా, నీళ్ళ సంగతి చెబుదామని వచ్చాను అన్నాను. కూర్చోమంది.

నామినేషన్ లెక్కలు త్వరగా చెప్పేస్తాను. వయసు 25 నిండాలి, రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరై ఉండాలి. ఇండిపెండెంట్ అయితే అదే నియోజకవర్గం ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. నాలుగు రకాల ఇళ్ళ నుంచి ఆ పదిమంది వస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి. డిపాజిట్ పదివేలు, ఎస్సీ, ఎస్టీలకు ఐదువేలు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పోతుంది. ఖర్చు పరిమితి 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ళు అనర్హత పడవచ్చు. ఓడిన బాధలో చాలామంది ఇది మర్చిపోతారు.

మీ నాన్నగారి విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే మీ ప్రశ్నలో మీకు నిజంగా బరువుగా ఉన్నది అదే అనిపించింది. ఆయన ముప్పై ఏళ్ళు మోసిన జెండాను దించమని అడక్కండి. మీకు ఓటెయ్యమనీ ఇప్పుడే అడక్కండి. ఆయన జేబులోనో బీరువాలోనో పాత ఓటరు స్లిప్పుల కట్ట, బూత్ కాగితాలు ఉండే ఉంటాయి. ఒక ఆదివారం మీ గల్లీ జాబితా ప్రింట్ తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. ఎవరున్నారు, ఎవరు పోయారు, ఎవరి పిల్లలు ఎక్కడున్నారు, ఒక్కో పేరు దగ్గర ఆగి అడగండి. చెప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా చెబుతారు. ఆ తర్వాత, ఈ గల్లీలో ముందు ఏది బాగుపడాలి నాన్నా అని అడగండి. ఆయన చెప్పింది ఆయన ముందే రాయండి, చదివి వినిపించండి, దిద్దితే దిద్దనివ్వండి.